చింతపిక్కల లెక్క: ఒక అడ్డపొగ కేసు

పేరు అప్పలమ్మ అనుకుందాం. అసలు పేరు అది కాదు. ఊరు కూడా చెప్పను, శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె అంటే చాలు. వయసు 56. ఎండుచేపల బేరం, అంటే పొద్దున్నే తట్ట సర్దుకుని ఆటో ఎక్కి ఊళ్ల మీద తిరిగి అమ్మడం. "నా గురించి రాసుకో తల్లీ, పేరు మాత్రం రాయకు, మా కోడలు ఫోన్లో సూసిందంటే ఊరంతటికీ సదివి ఇనిపిత్తాది" అని ఆవిడే ఒప్పుకున్నాక, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే కథ, వేషాలే వేరు. లివర్ పాడైందని రిపోర్టు చేతిలో పెట్టుకుని సాయంత్రానికి షాపు ముందు నిలబడేవాడు, కాలి వేలు తీసేశాక కూడా షుగర్ మాత్ర మింగనివాడు, చేతుల మీద గాట్లు పెట్టుకుని పొడుగు చేతుల డ్రెస్సు వేసుకొచ్చే ఇంటర్ పిల్ల. ఇంట్లోవాళ్ల ప్రశ్న కూడా ఒకటే: "నష్టం కళ్ల ముందే కనిపిస్తోంది కదా మేడమ్, మరి ఎందుకు మానరు?" ఈ ప్రశ్నలో "కళ్ల ముందే" అన్న మాట తప్పని నాకు బాగా అర్థమైంది అడ్డపొగ (చుట్టని తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న అప్పలమ్మ దగ్గరే.

ఒక డెంటిస్టు పంపారు ఆవిణ్ని. చీటీలో మూడు లైన్లు. అంగిలి మీద తెల్లటి మందం, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒకచోట ఎర్రటి మచ్చ. బయాప్సీలో మైల్డ్ డిస్‌ప్లేసియా, అంటే క్యాన్సర్ కాదు కానీ ఆ దారిలో ఉన్న మార్పు. మూడో లైను: "మూడుసార్లు చెప్పాం, అడ్డపొగ మానడం లేదు, కౌన్సెలింగ్ ఇవ్వగలరు." (ఆ డెంటిస్టు రోజుకి ఆరు సిగరెట్లు కాలుస్తారు. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన్నేమీ అనడం లేదు, ఈ కథలో అదీ ఒక భాగమే కాబట్టి చెప్పాను.)

మొదటి రోజు నేను చేసింది కూడా ఘనకార్యమేమీ కాదు. కంప్యూటర్లో అంగిలి క్యాన్సర్ ఫోటోలు తీసి చూపించాను, పైదవడకి రంధ్రం పడ్డవి. ఆవిడ చూసింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబ్బ, బాగా పనిచేసింది అనుకున్నాను. ఐదు నిమిషాల తర్వాత కిటికీలోంచి చూస్తే గేటు పక్కన గోడకి చేరగిలబడి కూర్చుని, రొండిన దోపుకున్న సగం చుట్ట తీసి ముట్టించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుంటోంది. కోడలు నెత్తి కొట్టుకుంటోంది. నాకు సిగ్గేసింది, ఆవిడ గురించి కాదు, నా గురించి.

అడ్డపొగ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన ఉత్తరాంధ్ర తీరంలో, శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా, పెద్దవయసు ఆడవాళ్లు చుట్టని తిరగేసి కాలుస్తారు, నిప్పు నోటి లోపల, చల్లటి కొస బయట. పెదాలు మూసి ఉంటాయి కాబట్టి గాలి చుట్ట బయటి కొస నుంచి లోపలికి వెళ్తుంది, పొగ నోట్లోనే తయారవుతుంది, నుసిని కొందరు ఉమ్మేస్తారు, కొందరు మింగేస్తారు. నోటిలోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుందని 1960ల్లోనే కొలిచారు. పనామాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కూడా ఇలాంటి అలవాటు ఉన్నట్టు రాసిపెట్టి ఉంది. కానీ దీన్ని బాగా చదివింది మన జిల్లాలోనే. 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు చూసి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు, కాబట్టి అప్పటి శ్రీకాకుళం అంటే ఇప్పటి విజయనగరంలో కొంత కూడా. మిగతా దేశంలో నోటి క్యాన్సర్ అంటే బుగ్గ, నాలుక. గట్టి అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ ఉన్నచోట మాత్రం అక్కడే వస్తుంది.

అంటే యాభై ఏళ్లు దాటింది ఈ సంగతి కాగితమ్మీద పడి. అప్పలమ్మకి కాగితం అక్కర్లేదు కూడా, వాళ్ల పెద్దమ్మ దీంతోనే పోయింది. "అంగుట్లోంచి గంజి ముక్కులోకి ఒచ్చీది, నానే తాగించినాను" అని రెండో రోజు తనే చెప్పింది. ఇంతకంటే పెద్ద ఫోటో నేనేం చూపిస్తాను?

ఇక అప్పటివరకు జరిగిన ప్రయత్నాలు. కొడుకు తిట్టాడు. కోడలు దాచిపెట్టింది, పక్కింట్లో దొరికింది. మూడేళ్ల కిందట పైడితల్లమ్మకి మొక్కుకుని, సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లి వచ్చి, తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. పదో రోజు ఒకటి కాల్చింది. "మొక్కు తప్పీసినాను కదా, ఇంక అమ్మోరు సూత్తాది, ఒకటైనా పదైనా ఒకటే పాపం" అనుకుని, అంతకు ముందు రోజుకి రెండు చుట్టలు తాగే మనిషి మూడుకి వెళ్లింది. ఈ "ఎలాగూ తప్పింది కదా" అనే జారుడుబండకి అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు ఒక పేరు కూడా పెట్టాడు, అబ్స్టినెన్స్ వయోలేషన్ ఎఫెక్ట్ అని. డైట్ చేసేవాళ్లు ఒక లడ్డు తిన్నాక డబ్బా ఖాళీ చేసేదీ ఇదే లెక్క. జారింది ఒక్క మెట్టే, కానీ మనసు దాన్ని వ్యక్తిత్వం మీద తీర్పుగా తీసుకుంటుంది.

ఫోటోలతో బోర్లాపడ్డాక రెండోసారి వచ్చినప్పుడు నేను మానమని అనలేదు. అడిగింది ఒకటే: "పెద్దమ్మా, చుట్ట నీకేం చేసి పెడుతుంది?" చాలాసేపు నా మొహం చూసింది. ఇన్నేళ్లలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదట. నష్టాలే చెప్పారు అందరూ.

రాసుకోమంటే చదువు రాదు. అందుకని నాలుగు కొబ్బరి చిప్పలు, ఒక దోసెడు చింతపిక్కలు. చుట్ట నోట్లో పెట్టిన ప్రతిసారీ ఒక పిక్క, ఎందుకు పెట్టిందో ఆ చిప్పలో. మూడు చిప్పలు నేను చెప్పాను: ఒంటికి, నొప్పికి, మనసుకి. నాలుగోది ఆవిడ అడిగి పెట్టించుకుంది, "ఊరికే" అని. అడ్డపొగ వాళ్లు ఒక చుట్టని ఒక్కసారే పూర్తి చేయరు, కాస్త కాల్చి ఆర్పి దాచుకుంటారు, అందుకే రోజుకి చుట్టలు ఎన్ని అంటే మూడే, నోట్లో పెట్టడం ఎన్నిసార్లు అంటే పది దాకా. వారం తర్వాత పిక్కలు గుడ్డలో మూట కట్టుకుని వచ్చి నా టేబుల్ మీద పోసింది. మొత్తం 68. ఒంటికి 19, నొప్పికి 14, మనసుకి 24, ఊరికే 11.

ఒక్కో చిప్ప దగ్గర చాలాసేపు కూర్చున్నాం.

"ఒంటికి" అంటే తెల్లారి లేవగానే ఒకటి. "సుట్ట లేపోతే కడుపు కదలదు." ఇది సాకు కాదు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, నలభై ఏళ్లుగా ఆ పని దానికే అప్పజెప్పింది ఒళ్లు. నికోటిన్ రక్తంలో రెండు గంటలకి సగానికి పడిపోతుంది, అంటే రాత్రంతా పడుకుని లేచేసరికి ట్యాంకు ఖాళీ, చేతులు వణకడం, చిరాకు, తల బరువు. మొదటి చుట్టతో ఇవన్నీ పోతాయి. అందుకే ఆవిడకి చుట్ట మందులా అనిపిస్తుంది, ఆ జబ్బు పెట్టింది కూడా అదేనన్న సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాదు. మిగతావి ఎండలో తిరిగేటప్పుడు ఆకలి చంపుకోవడానికి. తట్ట దింపి హోటల్లో కూర్చుని టిఫిన్ తింటే బేరం పోతుంది, డబ్బూ పోతుంది.

"నొప్పి" అంటే రెండు పుచ్చుపళ్లు. పొగ తగిలితే తిమ్మిరెక్కి లాగడం ఆగుతుంది. నేను ఇక్కడ ఆగి అడిగాను, అంగిలి మంట పెట్టదా అని. "నేదు తల్లీ, అదేటీ తెలవదు. మంటుంటే ఎప్పుడో మానేద్దును." ఏళ్ల తరబడి వేడికి మందమైపోయిన చర్మం అది, మొదట్లో వచ్చే మచ్చలు నొప్పి పెట్టవు. హెచ్చరించాల్సిన చోట ఏమీ తెలియదు, పంటికి మాత్రం వెంటనే హాయి.

"ఊరికే" చిప్ప మొదట నాకు అర్థం కాలేదు. ఏ టైమ్‌లో అని అడిగితే అన్నీ సాయంత్రాలే. ఇసుకలో పాత తెప్ప ఒకటి బోర్లించి ఉంటుంది, దాని నీడన ఐదుగురు ఆడవాళ్లు కూర్చుంటారు, వలల సంగతీ కోడళ్ల సంగతీ చెప్పుకుంటూ. అందరి నోట్లోనూ నిప్పు. ఆవిడకి చిన్నప్పుడు వాళ్లమ్మ "పొయ్యిలోంచి ముట్టించి తే" అని చుట్ట చేతికిచ్చేది, ముట్టించేటప్పుడు రెండు దమ్ములు లాగక తప్పదు, అలా పదమూడేళ్లకి అంటుకుంది. నిప్పు లోపలికి ఎందుకంటే గాలికి ఆరదు, తడిచేత్తో ముట్టుకోనక్కర్లేదు, పిల్లని ఎత్తుకున్నప్పుడు నుసి మీద పడదు. ఇంకోటి కూడా చెప్పింది: నిప్పు బయట పెట్టుకుని కాలిస్తే మగరాయుడంటారు, లోపల పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. మానడం అంటే చుట్ట మానడం కాదు ఆవిడకి, ఆ తెప్ప దగ్గర చోటు వదులుకోవడం. మనం ఈ ముక్క అసలు లెక్కలోకే తీసుకోం.

ఇక 24 పిక్కల చిప్ప, మనసు. రోజుకి మూడో నాలుగో చొప్పున సర్దుకుని ఉంటాయనుకున్నాను. కాదు, ఏ రోజుకారోజు గుడ్డకి ముడి వేసి పెట్టింది, విప్పి చూస్తే రెండు ముడుల్లోనే పదిహేడు. ఒక రోజు తొమ్మిది, ఒక రోజు ఎనిమిది. ఎనిమిది ఉన్నది కొడుకు ఫోన్ కలవని రాత్రి. కొడుకు గుజరాత్‌లో వేరావల్ దగ్గర బోటు మీద పని చేస్తాడు, మన తీరంలో కుర్రాళ్లు వందల మంది అక్కడికే వెళ్తారు, ఆగస్టులో వెళ్తే మళ్లీ జూన్‌లో అక్కడ వేట ఆపేసినప్పుడే ఇల్లు. 2018 నవంబరులో అలా వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఆ సంగతి ఈ పల్లెల్లో ఏ తల్లీ మర్చిపోలేదు, ఫోన్ స్విచాఫ్ వస్తే ముందు అదే గుర్తొస్తుంది.

మరి తొమ్మిది ఉన్న రోజు? డెంటిస్టు దగ్గరికి వెళ్లొచ్చిన రోజు. "ఇంకో నెలాగితే కోసీవలసొత్తాది" అన్నారట.

నాకు అక్కడ పడింది దెబ్బ. ఆయన భయపెట్టారు, నేనూ భయపెట్టాను, భయం వేస్తే ఆవిడ దగ్గరున్న మందు ఒకటే, అది రొండిన ఉంది. చుట్ట గురించిన భయాన్ని చుట్టతోనే తగ్గించుకుంటోంది. మనం ఎంత గట్టిగా చెప్తే అంత ఎక్కువ కాలుస్తుంది, అది చూసి మనం ఇంకా గట్టిగా చెప్తాం. చేతులు గాయపరచుకునే పిల్లల్లో నేను చూసేది కూడా సరిగ్గా ఇదే: తట్టుకోలేని ఒత్తిడి, చేసిన వెంటనే కాసేపు నిమ్మళం, తర్వాత సిగ్గు, అమ్మానాన్నల అరుపులు, ఆ అరుపులే మళ్లీ ఒత్తిడి. వాళ్లది సీన్ చేయడం అనుకుంటారు ఇంట్లో, కాదు. (అలాంటి పిల్లలు మీ ఇంట్లో ఉంటే తిట్టే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి ఫోన్ చేయండి, నంబరు 14416, డబ్బులు అక్కర్లేదు.)

1945లో మౌరర్, ఉల్మన్ అని ఇద్దరు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. తిండి పెడతారు, మూడు సెకన్లు ఆగి తినాలి, ఆగకపోతే కరెంటు షాక్. మెలిక ఎక్కడంటే షాక్ కొన్ని ఎలుకలకి మూడు సెకన్లకి, కొన్నింటికి ఆరుకి, కొన్నింటికి పన్నెండుకి ఇచ్చారు. ఆలస్యం పెరిగేకొద్దీ ఎలుకలు ఆగడం నేర్చుకోలేకపోయాయి, తినేవి, షాక్ తినేవి, మళ్లీ తినేవి. పన్నెండు సెకన్లకే ఎలుకకి లెక్క తప్పింది. అప్పలమ్మ చుట్టకీ అంగిలి మచ్చకీ మధ్య నలభై ఏళ్లు. మౌరర్ దీన్నే న్యూరోటిక్ పారడాక్స్ అన్నాడు, తనకి చేటు చేసే పని దానంతటదే ఎందుకు ఆగిపోదు అన్న చిక్కుముడి. జవాబు ఎలుక దగ్గరే ఉంది: ప్రవర్తనని నడిపేది మొత్తం లాభనష్టాల కూడిక కాదు, ఏది ముందొస్తుందో అదే.

ఈ ఎలుకల సంగతి అప్పలమ్మకి కూడా చెప్పాను, నవ్వి తన లెక్క చెప్పింది. నా చదువు కంటే అదే బాగుంది. "పొద్దున్నే వడ్డీ ఆయన దగ్గర తొమ్మిదొందలు తెచ్చి సరుకు కొంతాను, సాయంత్రానికి వెయ్యి కట్టాల. నట్టమని నాకెరక నేదా? పొద్దున సరుకు లేపోతే నాకు సాయంత్రమే లేదు కదా." చుట్ట కూడా అంతే అంది. పొద్దు గడవడానికి తెచ్చుకున్న అప్పు. అప్పు చేసేవాళ్లందరూ మూర్ఖులు కారు, చేతిలో ఇంకో దారి లేనివాళ్లు. ఆ తర్వాత నేను వైద్యం అనే మాట వాడలేదు, "ఈ అప్పు ఎలా తీరుద్దాం" అనే మాట్లాడుకున్నాం.

చిప్పల వారీగా వెళ్లాం, తేలికైనది ముందు. నొప్పి చిప్ప: ఆ రెండు పళ్లూ డెంటిస్టు తీసేశారు. ఇన్నాళ్లూ అంగిలి హడావుడిలో పళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పుండు మానాక ఆ చిప్పలో పిక్కలు దాదాపు ఆగిపోయాయి. పధ్నాలుగు పిక్కలు, ఒక్క ఉపన్యాసం లేకుండా.

ఒంటి చిప్పకి కాస్త టైమ్ పట్టింది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్లు, రాత్రే కలిపి పెట్టుకున్న చోడి (రాగి) అంబలి, అరటిపండు. మొదటి వారం ఏమీ పనిచేయలేదని తిట్టింది. ఫిజీషియన్ బీపీ, గుండె చూసి నికోటిన్ ప్యాచ్ రాశారు. అందరికీ చెప్పే నికోటిన్ గమ్ ఆవిడకి కుదరదు, నమలడానికి సరైన పళ్లుంటే కదా. ప్యాచ్ కూడా చెమటకి, చేపల నీళ్లకి భుజం మీంచి ఊడిపోయేది, వీపు మీద పైన అంటిస్తే నిలిచింది. వీపు తనకి అందదు కాబట్టి రోజూ తెల్లారి కోడలు అంటించాలి. అంతకు ముందు చుట్టలు దాచి, వెతికి, పారేసి పోలీసులా తిరిగిన పిల్ల ఇప్పుడు పొద్దున్నే అత్త వీపు తుడిచి ప్యాచ్ వేస్తోంది. ఇది నేను ప్లాన్ చేసింది కాదు, కానీ మందుతో సమానంగా పనిచేసిందని నా అనుమానం. తట్టలో ఒక డబ్బా కూడా చేరింది, పెరుగన్నం, ఆటోలోనే తినేయడానికి.

నిప్పు బయట పెట్టుకుని మామూలుగా కాలిస్తే సరిపోతుందా అని మధ్యలో ఆవిడే అడిగింది. డెంటిస్టూ నేనూ దీని మీద కొంచెం వాదించుకున్నాం. వేడి తగ్గుతుంది, నిజమే. పొగాకు విషం తగ్గదు, ఊపిరితిత్తులు, గొంతు, బుగ్గ అలాగే ఉన్నాయి. వద్దనుకున్నాం. ఇప్పటికీ ఆ నిర్ణయం మీద నాకు పూర్తి నమ్మకం లేదు, ఆపడమే కుదరని మనిషైతే ఏం చెప్పేదాన్నో.

తెప్ప దగ్గరికి వెళ్లడం మానొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నోట్లో ఏదో ఒకటి ఉండాలి అంది. లవంగం, మిరియం లాంటివి ఆ అంగిలికి మంచివి కావు. షుగర్ లేదు కాబట్టి పటికబెల్లం ముక్క. మొదటి రోజు మిగతా నలుగురూ ఆటపట్టించారట, "చంటిపిల్లయిపోనావేటే" అని. నాలుగో రోజుకి వాళ్లు కూడా ముక్క అడిగారు.

మనసు చిప్ప అన్నిటికంటే కష్టం. చుట్ట కోసం నోరు పీకడం మొదలైతే కొన్ని నిమిషాలు పెరిగి, శిఖరానికి వెళ్లి, దానంతటదే తగ్గుతుందని పుస్తకాల్లో ఉంటుంది, మేం దాన్ని కెరటంతో పోల్చి చెప్తాం. సముద్రం పక్కన పుట్టిన మనిషికి కెరటం గురించి నేను చెప్పడమేమిటి, నోరు మూసుకున్నాను. ఎంతసేపుంటుందో నువ్వే చూసి చెప్పు అన్నాను. గడియారం లేదు కాబట్టి ఒడ్డున కూర్చుని అలలు లెక్కపెట్టింది. "నలబై కెరటాలు దాటితే నోరు సల్లబడిపోతాది, కొడుకు గుర్తొచ్చిన్నాడు మాత్రం నూరు దాటినా ఉంటాది." ఆ నూరు దాటే రోజుల కోసం విడిగా ఒక ఏర్పాటు కావాలని అప్పుడు తెలిసింది. కొడుకుతో మాట్లాడాం: బోటు ఎక్కే ముందు ఎన్ని రోజుల వేటో చెప్పాలి, ఒడ్డుకు చేరగానే ముందు ఫోన్ అమ్మకి. ఓనరు నంబరు, అదే బోటు మీదున్న పక్క ఊరి అబ్బాయి ఇంటి నంబరు కోడలు ఫోన్లో పెట్టించాం. ఇది సైకాలజీయా అంటే నాకు తెలియదు, ఆ రాత్రుల్లో అవసరమైంది మాత్రం ఇదే.

ఇంకొకటి, చూరులో ఒక సగం చుట్ట దోపి ఉండేది. కోడలు పారేస్తానంది. వద్దన్నాను. అప్పలమ్మకి అది లేకపోతే మరింత భయం, ఉందని తెలిస్తే ఇప్పుడే తీయాల్సిన తొందర లేదు. అందరికీ ఇది నప్పదు, మందు తాగేవాళ్ల ఇంట్లో సీసా ఉంచమని నేను ఎప్పుడూ చెప్పను. ఈవిడ విషయంలో మాత్రం దాచిపెట్టినప్పుడల్లా పక్కింటికి వెళ్లిందని ముందే తెలుసు.

తొమ్మిదో వారానికి పిక్కలు రోజుకి ఒకటో రెండో. పన్నెండో వారం సున్నా.

తర్వాత డిసెంబరులో జారింది. తుఫాను హెచ్చరిక, కొడుకు బోటు పది రోజులన్నది పధ్నాలుగు రోజులైంది, పక్క ఊరి అబ్బాయి ఇంట్లోనూ కబురు లేదు. చూరులోంచి తీసింది. ఇలాంటిది జరుగుతుందని ముందే మాట్లాడుకున్నాం, అప్పుడు ఏం చేయాలో కూడా: చిప్పలో పిక్క వేయాలి, నాకు ఫోన్ చేయాలి, మొక్కు తప్పినట్టు అనుకోకూడదు. ఫోన్ చేసింది, ఏడుస్తూ. "తాగీసినాను తల్లీ." ఎన్ని పిక్కలు అన్నాను. రెండు. అయితే మూడోదానికి ముందు ఎన్ని కెరటాలు ఆగగలవో చూడు అన్నాను. మూడు రోజుల్లో మొత్తం ఐదు పిక్కలు పడ్డాయి, నాలుగో రోజు కొడుకు ఫోన్ వచ్చింది, తర్వాత మళ్లీ లేదు. మొక్కు తప్పినప్పుడు ఒకటి కాస్తా మూడేళ్లయింది, ఈసారి ఐదు దగ్గర ఆగింది. నా వరకు ఈ కేసులో అన్నిటికంటే పెద్ద ఫలితం అదే, పన్నెండో వారంలో వచ్చిన ఆ సున్నా కాదు.

అంగిలి సంగతి. పొగ ఆపితే ఆ తెల్లటి మందం చాలామందిలో తగ్గుతుంది, ఈవిడకీ తగ్గింది. ఎర్ర మచ్చ ఉన్నచోట తొమ్మిదో నెలలో మళ్లీ ముక్క తీసి చూశారు, డిస్‌ప్లేసియా కనిపించలేదు. అయినా మూడు నెలలకోసారి చూపించుకోవాల్సిందే, నలభై ఏళ్ల నిప్పు తొమ్మిది నెలల్లో పూర్తిగా చెరిగిపోదు. ఆ మాట ఆవిడకి భయపెట్టకుండా ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, "వడ్డీ కట్టీసినాను గానీ అసలు ఇంకా ఉన్నాదంటావు, అంతే కదా" అంది.

నేను ఏం సరిగ్గా చేశానో కచ్చితంగా చెప్పలేను. పళ్లు తీయించడమా, ప్యాచా, కోడలా, ఓనరు నంబరా, దేనివల్ల ఎంత అన్నది ఒక్క మనిషిని చూసి తేల్చలేం. ఇదే పద్ధతితో ఇద్దరు ఆడవాళ్లు మధ్యలోనే రావడం మానేశారు. ఒకామెకి ఆటో ఛార్జీలే ఇబ్బంది, అలాంటివాళ్లకి ఇప్పుడు ప్రభుత్వ పొగాకు క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 ఇచ్చి, మొదటి ఫోన్ నా ఎదురుగానే చేయిస్తున్నాను. ఇంకొకామె భర్త రోజూ కొడతాడు, ఆమె చిప్పల్లో పిక్కలన్నీ ఒకే చిప్పలో పడ్డాయి, దానికి చుట్ట మీద కౌన్సెలింగ్ ఎందుకు పనికొస్తుంది?

మొన్న ఆగస్టులో కొడుకుని రైలెక్కించి, అటునుంచి అటే నా దగ్గరికి వచ్చింది అప్పలమ్మ. ఆ రోజు నోరు పీకుతుందని ముందే తెలుసు కాబట్టి ఒంటరిగా ఇంటికి వెళ్లదల్చుకోలేదట. తెప్ప దగ్గరి నలుగురిలో ఒకామెని వెంటబెట్టుకొచ్చింది, వరసకి అప్ప అవుతుంది, ఆమె లోపలికి రానని గేటు పక్కనే కూర్చుంది, సరిగ్గా పోయిన ఏడు అప్పలమ్మ కూర్చున్నచోటే, నోట్లో నిప్పుతో. నేను లేచి వెళ్లి పిలవబోతే అప్పలమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ తల్లీ, అది అయ్యాక ఒత్తాది. చిప్పలు నానే ఇచ్చినాను."